రోమియో జూలియట్ చదవాలంటే పక్కన ఒక గడియారం పెట్టుకోండి

మన దగ్గర రోమియో అనే మాట ఎంత చెడిపోయిందో తెలిసిందే. బస్టాపులో అమ్మాయిల వెంటపడేవాడు రోమియో, కాలేజీ గేటు ముందు బైకు ఆపుకుని కూర్చునేవాడు రోమియో. దాంతో నాటకం జోలికి వెళ్లకుండానే అదేదో ఇద్దరు పిల్లల ప్రేమపిచ్చి కథ అని చాలామంది తేల్చేసుకుంటారు. డిగ్రీలో నేనూ అలాగే అనుకున్నాను. గైడులో ఉన్న నాలుగు పేజీల సారాంశం బట్టీ పట్టి పరీక్ష రాసేశాను, నాటకం మాత్రం తెరవలేదు. చాలా ఏళ్ల తర్వాత మా అక్క కూతురికి అదే నాటకం సిలబస్‌లో వస్తే, ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాం, అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఇందులో ప్రేమ ఎంత ఉందో తొందర అంతకంటే ఎక్కువ ఉందని. ఎవరూ ఒక్క పూట ఆగరు. పెద్దవాళ్లు అసలే ఆగరు. ఆ తొందరని పట్టుకుని చదివితే నాటకమే కాదు, దాని మీద వచ్చిన సినిమాలు, ఒపెరాలు, బ్యాలేలు కూడా వేరేగా కనిపిస్తాయి. మేం చదివిన ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పుస్తకం సంగతి. 1597లో ఒక కురచ ప్రతి అచ్చయింది, 1599లో సరిదిద్ది, పెంచామని చెప్పుకుంటూ ఇంకోటి వచ్చింది, ఇప్పుడు మనకి దొరికే పుస్తకాలు ఎక్కువగా ఆ రెండోదాని మీద ఆధారపడినవే. కొనక్కర్లేదు, ఫోల్గర్ షేక్‌స్పియర్ లైబ్రరీ వాళ్లు మొత్తం పాఠాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. దాదాపు 3,000 పంక్తులు. రోజుకో అంకం చొప్పున అయిదు రోజుల్లో అయిపోతుంది, కథ కూడా ఇంచుమించు అన్ని రోజుల్లోనే నడుస్తుంది కాబట్టి ఈ లెక్క నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషు పాతది, భయం వేస్తుంది, నిజమే. ప్రతి మాటకీ డిక్షనరీ తీయకండి. ఒక రంగంలో ఏం జరుగుతుందో ముందు తెలుగులో నాలుగు ముక్కల్లో చెప్పుకుని, తర్వాత ఆ రంగాన్ని పైకి చదవండి. ఇద్దరుంటే పాత్రలు పంచుకోండి. మొదట్లో నౌకర్లు వేసుకునే బూతు జోకులు అర్థం కాకపోతే వదిలేసి ముందుకి వెళ్లిపోండి, నష్టం లేదు.

ముగింపు తెలిసిపోయిందే అని బాధపడొద్దు. మన నాటకాల్లో సూత్రధారుడు వచ్చినట్టు ఇక్కడా ఒకడు వచ్చి 14 పంక్తుల పద్యంలో ప్రేమికులిద్దరూ చచ్చిపోతారని మొదటే చెప్పేస్తాడు. అంటే షేక్‌స్పియర్ మన దగ్గర ఏమీ దాచదలుచుకోలేదు. ఎక్కడెక్కడ తప్పించుకునే దారి ఉండిందో, అది ఎలా మూసుకుపోయిందో చూడమంటున్నాడు.

ఇక గడియారం. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం అని ఒక్కో పేజీకి ఒక్కో పేరు రాసి పెట్టుకోండి. చదువుతూ ఏ సంగతి ఏ పూట జరిగిందో అందులో రాసుకుంటూ వెళ్లాలి. వారాల పేర్లు, గంటలు నాటకంలోనే ఉన్నాయి, వెతుక్కోవడం మన పని. ఈ కథ షేక్‌స్పియర్ సొంతం కాదు, ఇటలీలో అంతకుముందే చాలామంది చెప్పారు, ఆర్థర్ బ్రూక్ అనే ఆయన 1562లో ఇంగ్లీషులో పెద్ద కావ్యంగా రాశాడు. బ్రూక్ కథ నెలల తరబడి సాగుతుంది, పెళ్లయ్యాక కూడా ఒకటి రెండు నెలలు వాళ్లిద్దరూ రహస్యంగా కలుసుకుంటూ సంతోషంగానే ఉంటారు. షేక్‌స్పియర్ ఆ నెలలన్నీ తీసేశాడు. జూలియట్ వయసు కూడా తగ్గించాడు, బ్రూక్ దగ్గర పదహారేళ్ల పిల్ల ఇక్కడ పద్నాలుగు కూడా నిండని పిల్ల అయింది.

ఆదివారం పేజీలో రాయాల్సింది తక్కువే. పొద్దున తొమ్మిది కొట్టేలోపే, పాత పగ ఉన్న రోమియో, జూలియట్ ఇళ్లవాళ్లు వీధిలో కొట్టుకుంటారు, రాత్రి జూలియట్ తండ్రి కాప్యులెట్ ఇంట్లో విందు, అక్కడ చూపులు, ఆ తర్వాత చీకట్లో తోటలో పెళ్లి మాట. సోమవారానికి మాత్రం రెండు పేజీలు ఉంచుకోండి. తొమ్మిదింటికి జూలియట్ తన దాదిని రోమియో దగ్గరికి పంపిస్తుంది, పన్నెండైనా ఆవిడ తిరిగి రాదు, ఆ మూడు గంటలు ఆ పిల్ల పడే హైరానా చదువుతుంటే ముద్దొస్తుంది. మధ్యాహ్నం ఫ్రయర్ లారెన్స్ అనే సన్యాసి దగ్గర పెళ్లి. పెళ్లయి గంట తిరక్కముందే టిబాల్ట్ చేతిలో రోమియో స్నేహితుడు మెర్క్యూషియో పోతాడు, రోమియో చేతిలో టిబాల్ట్ పోతాడు. టిబాల్ట్ ఎవరంటే జూలియట్‌కి సొంత మేనమామ కొడుకు. రోమియోకి ఊరి నుంచి బహిష్కారం. అదే రాత్రి, కూతురికి పెళ్లయిపోయిందని తెలియని తండ్రి, ప్యారిస్ అనే పెద్దింటి కుర్రాడికి మాట ఇచ్చేస్తాడు, ఇవాళ సోమవారం, బుధవారమంటే మరీ దగ్గరైపోతుంది, గురువారం పెట్టుకుందాం అని.

ఇక్కడ ఆగి ఒకటో అంకం రెండో రంగానికి వెనక్కి వెళ్లండి. ఇదే తండ్రి ఒక్క రోజు ముందు ఇదే ప్యారిస్‌తో, నా కూతురు ఇంకా చిన్నపిల్ల, రెండు వేసవులు గడవనీ, ముందు దాని మనసు గెలుచుకో అన్నాడు. రెండేళ్లు అన్నవాడు మూడు రోజులకి వచ్చేశాడు. మంగళవారం కూతురు కుదరదంటే వీధిలో అడుక్కుతిని చావు అని తిడతాడు. అదే సాయంత్రం ఆమె ఒప్పుకున్నట్టు నటించగానే సంతోషం పట్టలేక ముహూర్తాన్ని ఇంకో రోజు ముందుకి జరిపి బుధవారం చేసేస్తాడు. నా లెక్కలో ఈ నాటకంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే. ఈ పెళ్లి తప్పించడానికి సన్యాసి జూలియట్‌కి చచ్చిపోయినట్టు నిద్రపుచ్చే మందు ఇస్తాడు, అది బుధవారం రాత్రి తాగాలి, మంగళవారం రాత్రే తాగేయాల్సి వస్తుంది. బహిష్కారంతో మాంటువా అనే ఊరికి వెళ్లిపోయిన రోమియోకి సంగతి తెలియడానికి ఉన్న ఒక్క రోజూ పోయింది. తప్పంతా ప్రేమికుల తొందరదే అనేవాళ్లకి మీ నోట్‌బుక్ చూపించండి.

మందు పనిచేసేది 42 గంటలు అని సన్యాసి చెబుతాడు. మంగళవారం రాత్రి నుంచి 42 గంటలు లెక్కపెట్టి ఆమె ఏ పూట లేవాలో మీరే వేసి చూసుకోండి, గురువారమా, శుక్రవారం తెల్లవారుజామా అనే వాదన ఎందుకొస్తుందో అర్థమవుతుంది. ఇంకో మాట కూడా రాసి పెట్టుకోండి. ఇదంతా జూలై మధ్యలో, ఇటలీ ఎండల్లో. ఎండ మండిపోతోంది, ఇప్పుడు వాళ్లు ఎదురైతే గొడవ తప్పదు, ఇంటికి పోదాం పద అని రోమియో స్నేహితుడు బెన్‌వోలియో మూడో అంకం మొదట్లోనే మొత్తుకుంటాడు. వినరు. మన సినిమా భాషలో చెప్పాలంటే ఆ రంగమే ఇంటర్వెల్ బ్యాంగ్. అక్కడిదాకా నడక అచ్చంగా హాస్య నాటకం నడకే, జోకులు వేసే మెర్క్యూషియో పోయాక ఇక నవ్వు లేదు.

రెండోసారి చదివేటప్పుడు గడియారం పక్కన పెట్టి ఇంకొక లెక్క పెట్టుకోండి. జూలియట్‌కి మనసులో మాట చెప్పుకోవడానికి ఎంతమంది మిగిలారు? మొదట్లో అమ్మ ఉంది, పాలిచ్చి పెంచిన దాది ఉంది, నాన్న ముద్దు ఉంది. మూడో అంకం అయిదో రంగంలో వరసగా ముగ్గురూ పోతారు. నాన్న తిట్టి వెళ్లిపోతాడు. నువ్వయినా ఈ పెళ్లి ఆపమ్మా అని అడిగితే, నీతో నాకు పని లేదు అని అమ్మ వెళ్లిపోతుంది. ఇక దాది. ఆ దాదికి పెళ్లి సంగతి తెలుసు, పెళ్లి దగ్గరుండి కుదిర్చింది ఆవిడే, అయినా ప్యారిస్‌ని చేసుకో, అతను ఇంకా మంచి సంబంధం అంటుంది. చెడ్డది కాదు పాపం, లోకం తెలిసిన మనిషి, తనకి తోచిన క్షేమం చెప్పింది. ఆ క్షణం నుంచి జూలియట్ ఎవరితోనూ నిజం చెప్పదు, ఒక్క సన్యాసితో తప్ప. ఆఖరికి సమాధిలో ఎవరో వస్తున్న చప్పుడు వినగానే ఆయన కూడా భయపడి వదిలేసి పారిపోతాడు. మా అక్క కూతురు ఈ దాది రంగం దగ్గర పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో కూర్చుంది. నేనేం మాట్లాడలేదు.

బాల్కనీ అంటే గుర్తొచ్చింది, ఆ మాట నాటకంలో లేదు. కిటికీ మాత్రమే ఉంది. కథ జరిగే ఊరు వెరోనాలో జూలియట్ ఇల్లని చూపించే చోట ఉన్న బాల్కనీ 20వ శతాబ్దంలో అతికించింది.

ఆ కిటికీ రంగంలో ఒక విషయం తెలుగువాళ్లకి ఇప్పటి ఇంగ్లీషువాళ్ల కంటే సులువుగా అందుతుంది. వాళ్లకిప్పుడు అందరికీ యూ ఒక్కటే. షేక్‌స్పియర్ రోజుల్లో యూ, దౌ రెండూ ఉండేవి, ఇంచుమించు మన మీరు, నువ్వు లాగా. విందులో మొదటిసారి చెయ్యి పట్టుకున్నప్పుడు ఇద్దరూ కలిసి ఒకే సానెట్, అంటే 14 పంక్తుల పద్యం చెబుతారు, అతను నాలుగు పంక్తులు, ఆమె నాలుగు పంక్తులు, మిగతావి పంచుకుంటూ. ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని ఎదుటివాళ్లు అదే రాగంలో అందుకున్నట్టు ఉంటుంది. అక్కడ జూలియట్ అతన్ని యూ అంటుంది. కొన్ని గంటలకే, అతను కింద నిలబడి వింటున్నాడని తెలియక, చీకట్లో తనలో తాను మాట్లాడుకునేటప్పుడు దౌ అంటుంది. మీరు నుంచి నువ్వుకి రావడానికి మనకి ఎంతకాలం పడుతుందో గుర్తు చేసుకోండి, ఆ పిల్లకి ఒక్క రాత్రి కూడా పట్టలేదు. ఇంకోటి, ఆమె అక్కడ అడిగేది రోమియో ఎక్కడున్నావని కాదు. నువ్వు రోమియోవి ఎందుకయ్యావు అని. ఆమె బాధంతా అతని ఇంటిపేరుతో. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే చోట పెరిగినవాళ్లకి ఈ రంగానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

కానీ ఒక తేడా ఉంది, సినిమాలు చూడ్డం మొదలుపెట్టే ముందు ఇది పట్టుకోవాలి. నాటకం మొదటి పంక్తిలోనే రెండు కుటుంబాలూ హోదాలో సమానం అని ఉంటుంది. పగ పాతది అంటాడు, ఎందుకొచ్చిందో అయిదు అంకాల్లో ఎక్కడా చెప్పడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ ఖాళీలో తమ ఊరి పగని పెట్టుకున్నారు. 1957లో బ్రాడ్‌వే మీదికి వచ్చిన వెస్ట్ సైడ్ స్టోరీలో అది న్యూయార్క్ వీధుల్లో ప్యూర్టో రికో నుంచి వచ్చినవాళ్లకీ తెల్లకుర్రాళ్లకీ మధ్య గొడవ. 1988లో హిందీలో వచ్చిన ఖయామత్ సే ఖయామత్ తక్‌లో ఠాకూర్ కుటుంబాల పగ, దాని తెలుగు రీమేకుతోనే 1996లో పవన్ కళ్యాణ్ తెరకి పరిచయమయ్యాడు. నేరుగా ఈ నాటకం నుంచి తీసింది కాకపోయినా 1978లో బాలచందర్ తీసిన మరో చరిత్రని కూడా ఈ వరసలోనే పెట్టి చూడమంటాను. విశాఖలో తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, అడ్డు భాష. అందులో పెద్దవాళ్లు పెట్టే షరతు ఏడాది పాటు విడిగా ఉండమని. షేక్‌స్పియర్ పిల్లలకి వారం కూడా లేదు, బాలచందర్ పిల్లలకి ఏడాది ఉంది, అయినా చివరికి ఏమైందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. పగకి కారణం పెట్టగానే మనం ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోగలుగుతాం. కారణం లేని చోట ఎవరిని తిట్టాలో తెలియదు, నాకు అసలు నాటకమే ఎక్కువ భయం వేస్తుంది.

ఏ సినిమా చూసినా, ఏ బ్యాలే చూసినా రెండే రెండు చోట్ల ఆపి చూడండి. ఉత్తరం దగ్గర, సమాధి దగ్గర.

ఉత్తరం: జూలియట్ చనిపోలేదు, నిద్రలో ఉంది, వచ్చి తీసుకుపో అని సన్యాసి రాసిన ఉత్తరం రోమియోకి అందదు. ఎందుకు అందదంటే, అది పట్టుకెళ్లే ఇంకో సన్యాసి ఫ్రయర్ జాన్ తోడు కోసం వెళ్తాడు, అతను ప్లేగు ఉన్న ఇంట్లో ఉన్నాడనే అనుమానంతో తనిఖీవాళ్లు తలుపులు మూసి సీలు వేసేస్తారు. ఈ సంగతి అయిదో అంకం రెండో రంగంలో, ఒక్క పేజీలో అయిపోతుంది. నేను మొదటిసారి సారాంశంలో చదివినప్పుడు ఇదేదో సాకులా అనిపించింది. 2020లో మన వీధుల్లో ఇళ్లకి అడ్డంగా కర్రలు కట్టి, రేకులు పెట్టి మూసినప్పుడు గుర్తొచ్చి మళ్లీ చదివాను. ఆ నాటకం చూసిన లండన్ జనం అంతకు రెండు మూడేళ్ల ముందే ప్లేగు వల్ల థియేటర్లు మూతపడిన రోజులు చూసినవాళ్లు, వాళ్లకి ఒక్క పేజీ చాలు. ఇప్పుడు సినిమాలు ఏం చేశాయో చూడండి. జెఫిరెల్లి 1968 సినిమాలో ఉత్తరం తీసుకెళ్లే సన్యాసి గాడిద మీద మెల్లగా పోతుంటే, చావు కబురు పట్టుకుని రోమియో నౌకరు గుర్రం మీద అతన్ని దాటి వెళ్లిపోతాడు, మాట లేదు, చూస్తుంటే అరవాలనిపిస్తుంది. బాజ్ లుర్మన్ 1996 సినిమాలో అది కొరియర్, తలుపు దగ్గర చీటీ పెట్టి వెళ్తారు, రోమియో చూసుకోడు. వెస్ట్ సైడ్ స్టోరీలో మాత్రం కబురు చెప్పడానికి వచ్చిన అనితని అవతలి పక్షం కుర్రాళ్లు దారుణంగా అవమానిస్తారు, ఆ మంటలో ఆమె, జూలియట్ స్థానంలో ఉన్న మరియా చచ్చిపోయిందని అబద్ధం చెబుతుంది. ప్లేగు చేసిన పనిని ఇక్కడ పగ చేసింది. మార్పులన్నిటిలో నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

సమాధి దగ్గరికి వస్తే, షేక్‌స్పియర్ రాసిన దాంట్లో రోమియో విషం తాగి పోయాకే జూలియట్ లేస్తుంది. ఇద్దరికీ ఒక్క మాట లేదు. ఇది ఎవరూ భరించలేకపోయారు. 1679లో ఆట్వే అనే ఆయన ఈ కథని రోము నగరానికి మార్చి రాసినప్పుడే అమ్మాయిని ముందు లేపాడు. 1748లో గారిక్ అనే నటుడు అదే పని చేసి చనిపోయే ముందు ఇద్దరికీ మాటలు రాశాడు, ఆ మాటలతోనే ఇంగ్లండులో దాదాపు వందేళ్లు నాటకం ఆడింది. 1845లో లండన్‌లో షార్లెట్ కుష్మన్ అనే అమెరికన్ నటి షేక్‌స్పియర్ పాఠాన్ని మళ్లీ వేదిక మీదికి తెచ్చింది, రోమియోగా తనే వేసింది, జూలియట్‌గా ఆమె చెల్లెలు. ఆ తర్వాత కూడా ఆగలేదు. 1867 నాటి గూనో ఒపెరాలో ఇద్దరూ కలిసి పాడి మరీ పోతారు. ప్రొకోఫీవ్ 1935లో బ్యాలేకి సంగీతం రాస్తూ మొదట ఇద్దర్నీ బతికించేశాడు, తర్వాత మార్చాడు, 1940లో లెనిన్‌గ్రాడ్‌లో ఉలనోవా అనే నర్తకి నాట్యం చేసింది విషాదాంతానికే. లుర్మన్ సినిమాలో విషం నోటికి చేరేసరికి జూలియట్ కళ్లు తెరుస్తుంది. అంటే ఎవరెవరు ఎన్ని నిమిషాలు దానం చేశారో అన్నది చూసుకుంటూ పోవచ్చు, మీ నోట్‌బుక్ చివర ఒక పేజీ దీనికి ఉంచుకోండి.

ఏది ముందు చూడాలంటే, చదవడం అయ్యాక 1968ది చూడండి, అందులో ఇద్దరూ నిజంగానే టీనేజీ పిల్లలు. తర్వాత 1996ది, మాటలు పాతవే, తుపాకులు, కార్లు కొత్తవి, మొదటి పది నిమిషాలు గోలగా అనిపించినా ఓపిక పట్టండి. ఆ తర్వాత 1961 వెస్ట్ సైడ్ స్టోరీ. 1936 నాటి హాలీవుడ్ సినిమా తొందరగా చూడక్కర్లేదు, రోమియో వేసిన లెస్లీ హోవర్డ్‌కి అప్పటికి నలభై దాటాయి, జూలియట్ వేసిన నార్మా షియరర్‌కి ముప్పై దాటాయి, ఎంత బాగా చేసినా ఆ తొందర వాళ్ల ఒంట్లో కనిపించదు. ప్రొకోఫీవ్ బ్యాలే మాత్రం వదలొద్దు, భాష సమస్యే లేదు.

కాలేజీలో వేయాలనుకునేవాళ్లకి ఒక మాట. నాటకం మొత్తం వేయలేరు, కోయాల్సిందే. జూలియట్ చనిపోయిందనుకున్నాక వాయిద్యాలవాళ్లు వేసే జోకులు కోసేయండి, జూలియట్‌ని చూడకముందు తను ప్రేమించిన రోజలిన్ గురించి రోమియో ఏడుపు సగం తగ్గించండి. మందు తాగే ముందు జూలియట్ ఒంటరిగా మాట్లాడే నాలుగో అంకం మూడో రంగంలో మాత్రం ఒక్క పంక్తి తీయొద్దు. గుహలాంటి ఆ సమాధిలో ముందే మెలకువొస్తే, ఊపిరాడకపోతే, పక్కన టిబాల్ట్ శవం ఉంటే అని ఆ పిల్ల ఒక్కో భయాన్నీ తలుచుకుని, మందు చేతిలో పట్టుకుని, తాగుతుంది. ఆ పాత్రకి నటిని ఎంచుకునేటప్పుడు కిటికీ రంగం చదివించకండి, ఇది చదివించండి.

ఇంకోటి, అందరూ కోసేసేది, మీరు ఉంచాలని నేను కోరేది. అంతా అయిపోయాక రాజు ముందు సన్యాసి నిలబడి జరిగిందంతా మళ్లీ చెబుతాడు. క్లుప్తంగా చెబుతానని మొదలుపెట్టి నలభై పంక్తులు చెబుతాడు. మనకి తెలిసిన కథే కదా అని సినిమాలవాళ్లు తీసేస్తారు, చదివేవాళ్లు పేజీలు తిప్పేస్తారు. కానీ అక్కడున్న తల్లిదండ్రులకి అది తెలియదు, వాళ్లు మొదటిసారి వింటున్నారు, వాళ్ల ముఖాలు ఊహించుకుంటూ చదవండి. సమాధి దగ్గరికి ఆయన వచ్చేసరికి రోమియో లోపలికి వెళ్లి ఎంతసేపైందని నౌకరుని అడిగితే, అరగంట అని చెప్పి ఉంటాడు, అది అంతకు కొంచెం ముందే వస్తుంది, నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ అరగంటలోనే రోమియో ఆమె ముఖం చూసి, పెదాల మీద, బుగ్గల మీద ఎరుపు ఇంకా పోలేదే అని ఆశ్చర్యపోయి, అయినా తాగేశాడు. ఇప్పుడు సన్యాసి తను వచ్చిన సమయం చెబుతాడు. జూలియట్ లేవడానికి ఒక్క నిమిషం ముందు అంటాడు. చివరి పేజీలో చివరన రాయాల్సింది ఆ ఒక్క నిమిషం.